వేరు ముదిరేదాకా కత్తి ముట్టుకోకు

కడియపులంక
ఆరుద్ర కార్తె

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. గంటసేపు నీ గృహప్రవేశం కబుర్లే. వంటవాళ్ళు కుదిరారంట, పంతులుగారు తెల్లవారుజామున ముహూర్తం పెట్టారంట. ఇక పెట్టేస్తుందనుకుంటే, "అక్కా, నీ పని నా కూతురు మొదలెట్టింది తెలుసా" అంది. వచ్చినవాళ్ళకి స్టీలు డబ్బాలూ జాకెట్టు ముక్కలూ కాకుండా, బాల్కనీలో ఉన్న దానిమ్మకీ నిమ్మకీ నువ్వే గాలి అంట్లు కట్టి, అంటే కొమ్మ చెట్టుమీదుండగానే దానికి వేళ్ళు పుట్టించి, పదిహేను మొక్కలు పంచుతావంట. ఆ మాట విని ఒక్కదాన్నే నవ్వుకుంటూ పడుకున్నాను. సంతోషం ఎంతసేపు, పన్నెండయ్యేసరికి భయం పట్టుకుంది. లేచి కూచుని వేళ్ళ మీద రోజులు లెక్కేసుకున్నాను.

నా కొడుకులిద్దరూ ఈ కాలవగట్టు మీదే పెరిగారు, అంట్ల కూలి డబ్బులతోనే చదివారు. ఒక్కడూ అంటు కత్తి పట్టలేదు. పెద్దాడు లారీలో బెంగుళూరు దాకా మొక్కలు తోలుతాడు గాని, ఏ మొక్క ఏదో బిల్లు చూసి చెప్పాలి. కంప్యూటరు ఉద్యోగం చేసుకునే నువ్వు కత్తి పడతానన్నావు చూడు, మీ తాత ఉంటే ఊరంతా తిరిగి చెప్పేవాడు.

ఫోన్లో చెబితే స్పీకర్ పెట్టి పక్కన కూర తిరగమోత వేసుకుంటావు. అందుకే రాస్తున్నాను. ఏడో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకో. నా మనవడు దీన్ని ఫోటో తీసి నీకు పంపుతాడు.

ముందు ఆ పదిహేను సంగతి. సంక్రాంతికి వచ్చినప్పుడు నీ దానిమ్మని చూశాను, నా భుజం దాటలేదు. నిమ్మ ఇంకా పొట్టిది. ఈ రెండిటి మీదా పదిహేను అంట్లా? అంటు కట్టిన కొమ్మ ఆకుల్లో తయారైన తిండి కిందికి దిగదమ్మా, అంటు దగ్గరే ఆగిపోతుంది. ఉన్న కొమ్మలన్నిటికీ బెరడు తీసేస్తే తల్లిచెట్టు వేళ్ళకి తిండి పెట్టేదెవరు? దానిమ్మకి మూడు, నిమ్మకి రెండు. అంతకు మించి ఒక్కటి కట్టినా ఊరుకోను.

దానికంటే ముందు హాల్లో ఉన్న రబ్బరు మొక్క మీద ఒకటి కట్టు. చెయ్యి తిరుగుతుంది. అది తేలిగ్గా వేరు పోస్తుంది, తప్పు చేసినా క్షమిస్తుంది. గాటు పెట్టగానే పాలు కారతాయి, తడిగుడ్డతో తుడిచేసి, ఆగాక కట్టు. మామిడి మొక్క మీద కూడా ప్రయత్నిస్తానన్నావంట. వద్దు. మామిడికి టెంక మొక్క మీదే అంటు కట్టాలి, సపోటాకైతే పాలచెట్టు మొక్క మీద. అది వేరే విద్య, నువ్విక్కడికొచ్చి నాలుగు రోజులుంటే నేర్పిస్తా. మందారానికి ఇంత హడావిడి అక్కర్లేదు, కొమ్మ గుచ్చితే చాలు.

ఇంకోటి. దానిమ్మ ఆకుల మీద, కాయల మీద నూనె అంటినట్టుండే నల్లమచ్చలున్నాయేమో పట్టి పట్టి చూడు. ఉంటే ఆ చెట్టుకి అసలు అంటు కట్టొద్దు. ఆ తెగులు అంటుతోపాటే పదిళ్ళకీ పోతుంది. చెట్టు మారినప్పుడల్లా కత్తిని స్పిరిట్‌తో తుడుచుకో.

కొమ్మ పెన్సిలంత లావుండాలి. పోయినేడాది వేసిన కొమ్మ అయ్యుండాలి, మరీ పచ్చిదీ వద్దు, బెరడు పగిలిన ముసలిదీ వద్దు. ఎండ తగిలేవైపుది ఎంచుకో. చివర్నుంచి అడుగు, అడుగున్నర కిందికి వచ్చి, అక్కడ నాలుగంగుళాల మేర ఆకులు తీసెయ్యి. కణుపుకి సరిగ్గా కింద, చుట్టూ ఒక గాటు. అంగుళం కిందికి ఇంకో గాటు. రెండిటినీ కలుపుతూ నిలువుగా ఒక గీత. గోటితో లాగితే బెరడు ఉంగరంలా ఊడొస్తుంది. వానల్లో అంత తేలిగ్గా వస్తుంది, ఎండాకాలంలో కర్రనే పట్టుకుని వేలాడుతుంది. అందుకే మేం మృగశిర నుంచి ఆశ్లేష దాకా ఈ పని చేస్తాం.

బెరడు తీశాక లోపల తెల్లకర్ర మీద చేపకున్నట్టు జారే పొర ఒకటుంటుంది. అందరూ వదిలేసేది దాన్నే. కత్తి వీపుతో చుట్టూ గీకెయ్యి, కర్ర గాయపడకుండా. వదిలేశావంటే పై బెరడూ కింది బెరడూ మళ్ళీ కలిసిపోయి, రెండు నెలల తరవాత విప్పి చూస్తే వేరూ ఉండదు, గాయమూ ఉండదు.

ఎందుకో మీ తాత చెప్పిన మాట రాస్తా. "నీళ్ళు కర్రలోంచి పైకి పోతాయి, తిండి బెరడులోంచి కిందికి దిగుద్ది. ఆ దారి తెగ్గొట్టావనుకో, దిగే తిండి పై అంచు కాడ ఆగిపోద్ది. ఆగిన కాడ ఉబ్బుద్ది. ఉబ్బిన కాడ తడి తగిల్తే వేరు పడుద్ది. అంతేనే." ఐబీఏ పొడి, అదే వేరు పడడానికి వాడే మందు, దొరికితే ఆ పై అంచుకే చిటికెడు అద్దు. కింది అంచుకి రాయడం మందు దండగ.

నర్సరీలో అమ్మే ఎండు నాచు దొరికితే నాచు, లేదంటే కొబ్బరి పొట్టు. పొట్టులో ఉప్పుంటుంది, రెండు నీళ్ళు కడుగు. నానబెట్టి, గుప్పెట్లో పెట్టి నీ బలమంతా పెట్టి పిండు. ఇక బొట్టు రాదు అన్నప్పుడు అది సరైన తడి. నీళ్ళోడుతూ కడితే వేరు రాదు, కుళ్ళు వస్తుంది. బత్తాయంత ముద్ద చేసి గాయం మధ్యలోకి వచ్చేలా పెట్టి, లోపలిది కనబడే తెల్ల పాలిథిన్ కాగితం బిగుతుగా చుట్టి, రెండు చివర్లా పురికొసతో కట్టు. పై ముడి బిగుతుగా ఉండాలి, వాన నీళ్ళు అక్కడి నుంచే దిగుతాయి. దానిమీద పాత న్యూస్‌పేపరు చుట్టి పెట్టుకో, ఎండ కాకుండా ఉంటుంది, వారానికోసారి విప్పి వేళ్ళు చూసుకోవచ్చు. మీ హైదరాబాదులో పావురాలున్నాయిగా, వాటికి ఆ మూట కనబడితే పీకి చూడకుండా ఉండవు. చీమలు కూడా లోపల కాపురం పెడతాయి. రోజూ ఒకసారి చెయ్యేసి నొక్కి చూడు. మెత్తగా ఉంటే బానే ఉందని. గట్టిపడితే ఆరిందని, పై ముడి కాస్త సడలించి సిరంజితో కొంచెం నీళ్ళు పట్టు.

పాలిథిన్ రాకముందు ఈ అంట్లు ఎలా కట్టేవాళ్ళో తెలుసా? బంకమట్టీ పేడా తరిగిన గడ్డీ కలిపి తొక్కి, ముద్దపెట్టి, గోనెపట్టా చుట్టేవాడు మీ తాత. దానికి ఎగువ కొమ్మకి చిన్న కుండ వేలాడదీసి, అడుగున చిల్లి పెట్టి, ఆ చిల్లిలోంచి గుడ్డ పేలిక ఒకటి అంటు మీదికి దింపేవాడు. బొట్టు బొట్టుగా తడి దిగేది. ఆ కుండలు నింపడం నా పని. బడి నుంచి రాగానే చెంబు పట్టుకుని చెట్టెక్కేదాన్ని, మీ అమ్మ కిందనుంచి నీళ్ళందించేది. అందించినంత నా మీదే పోసేది, అది వేరే సంగతి. ఏ కుండ ఎండిందో చెట్టుకింద నిలబడి చెప్పేసేవాడు మా నాన్న, పైకి చూడకుండా, చప్పుడు విని.

ఇక్కడిదాకా చెప్పిందంతా ఎవరైనా చెబుతారు. నాకు నిద్ర పట్టనిది దీనివల్ల కాదు. నువ్వు ముహూర్తం చూసుకుని అంటు కోస్తావని.

1989 వైశాఖంలో మీ అమ్మ పెళ్ళి. మా పెరట్లో ఎర్రజామ చెట్టొకటి ఉండేది, గింజ మొక్క, ఎవరూ వేసింది కాదు. కాయ చిన్నదే గాని లోపల గులాబీ రంగు. దాని వంగిన కొమ్మ మీద కూచుని మీ అమ్మ ఇంటర్ పరీక్షలకి చదివింది. పెళ్ళి కుదిరాక ఒకరోజు ఆ కొమ్మ మీదే కూచుని "దీన్ని తీసుకుపోలేను కదా" అంది. ఊరికే అన్న మాటే అది. నేనప్పటికే నర్సరీలో ఐదేళ్ళ పనిదాన్ని, అంటు కట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని గర్వం. "సారెలో పెట్టి పంపిస్తా చూడు" అన్నాను.

చైత్రంలో నాలుగు అంట్లు కట్టాను. ఆ ఎండలకి బెరడు రాదు, బలవంతంగా లాగాను, రెండు కొమ్మలకి కర్ర లోతుగా గాయమైంది. అవి వేరు వెయ్యనే లేదు. మిగిలిన రెండిటికి, రోజూ తడిపితే, నెల దాటాక పాలిథిన్ లోపల తెల్లటి దారాలు కనబడ్డాయి. పెళ్ళింకా మూడు రోజులుంది. ఎగిరి గంతేశాను. నాన్న వచ్చి చూసి, "తెల్లవేరు పాలపన్నే, దేన్నీ కొరకలేదు. గోధుమరంగు తిరిగి, పిల్లవేళ్ళు పడాల. ఆగు" అన్నాడు. ఆగితే సారె వెళ్ళిపోతుంది కదా. నాన్న శుభలేఖలు పంచడానికి వెళ్ళిన పూట కోసేశాను.

అంతటితో పోలేదు. కోసిన అంటుకి సగం ఆకులు తీసెయ్యాలని నాకు తెలుసు, రోజూ చేసే పని. ఆకులు తీస్తే బోడిగా ఉంటుంది, సారెలో అందంగా కనబడదని ఒక్క ఆకూ తియ్యలేదు. కొత్త కుండకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాను. పెళ్ళికొచ్చిన ఆడవాళ్ళందరూ మెచ్చుకున్నారు. మూడు రోజులు నిగనిగలాడింది. దానిలో ఉన్న నీళ్ళే అది తాగుతోంది, కింద వేరు తాగుతోందని నేననుకుంటున్నాను.

కడియం స్టేషన్లో తుని వెళ్ళే పాసింజరెక్కించాం. పెళ్ళిచీరలో కిటికీ పక్కన కూచుని, ఆ కుండని ఒళ్ళో పెట్టుకుంది మీ అమ్మ. రోహిణి ఎండలు, కిటికీలోంచి వడగాలి. బండి కదిలేటప్పుడు ఆకులు ఊగడం ఇప్పటికీ నా కళ్ళముందుంది.

ఆషాఢానికి పుట్టింటికొచ్చినప్పుడు అడిగాను, జామ ఎలా ఉందే అని. "బాగుంది, రెండు ఆకులేసింది" అంది. దసరాకి వాళ్ళిద్దర్నీ తీసుకురావడానికి మీ పెదనాన్నా నేనూ తుని వెళ్ళాం. నూతిగట్టు పక్కన నా కుండ కనబడింది. పసుపు ఇంకా అక్కడక్కడా ఉంది. లోపల మరువం ఉంది. నేను మీ అమ్మ వంక చూశాను, అది నూతిలోకి చేద వేస్తోంది.

రాత్రి పడుకున్నాక చెప్పింది. ఆరు రోజులు బతికిందంట. "పుట్టింటి నుంచి తెచ్చుకున్న మొక్కే నిలవలేదు, ఇక ఈ పిల్ల కడుపు ఏం పండుద్దో" అని మీ నాయనమ్మ అందంట. ఒక్కసారి కాదు. తరవాత మూడేళ్ళు, నువ్వు పుట్టేదాకా, ఇంట్లో ఏది చెడినా ఆ జామమొక్క పేరొచ్చేది. మీ నాయనమ్మ చెడ్డమనిషి కాదు, పోయేముందు మీ అమ్మ చేతి అన్నమే తిన్నది. ఆ కాలం మాటలు అలా ఉండేవి. కాని ఆ మాట పుట్టింది నా కత్తి నుంచి.

మరుసటేడు ఆరుద్రలో నాన్న మళ్ళీ ఒకటి కట్టి, దసరాల దాకా చెట్టుమీదే ఉంచి, మంచి వేళ్ళతో తయారు చేశాడు. "తీసుకెళ్ళమ్మా" అంటే మీ అమ్మ వద్దంది. మళ్ళీ ఎండితే అన్న భయం. ఆ మొక్క ఎవరికిచ్చేశాడో తెలీదు. తల్లిచెట్టు 1996 తుపానులో పోయింది. ఈ సంగతి నేను రాశానని మీ అమ్మకి చెప్పకు.

అందుకని పదిహేనిళ్ళకి నువ్వు పంపే మొక్కల గురించి నాకు భయం. "గృహప్రవేశంలో ఇచ్చిన మొక్క ఎండింది" అని ఎవరో ఒకరు అంటారు. నువ్వు నవ్వుతావు, నాకు తెలుసు. మీ అత్తగారు నవ్వుతారా?

లెక్క చూడు. ఇవాళ కట్టినా నీ ముహూర్తానికి నలభై రోజులు కూడా లేవు. దానిమ్మకి ఈ వానల్లో నెలా, నెలన్నరలో వేరు కనబడుతుంది. కనబడ్డాక ముదరాలి. గోధుమరంగు తిరిగి, ఒక్కో వేరుకీ పిల్లవేళ్ళు పడి, ముద్దంతా అల్లుకోవాలి. అప్పుడు కూడా ఒక్కసారిగా కొయ్యకు. అంటుకి కింద సగం దాకా గాటు పెట్టి వారం వదిలెయ్యి. ఆకులు వాడకపోతే మిగతా సగం కొయ్యి, సాయంత్రంపూట. సగం ఆకులు తీసెయ్యి, పువ్వులూ మొగ్గలూ ఉంటే అన్నీ తీసెయ్యి. పాలిథిన్ విప్పు. నవ్వకు, మా దగ్గర పనికొచ్చిన పిల్ల ఒకతి పాలిథిన్‌తో సహా నలభై మొక్కలు పాతేసింది. పాలిథిన్ తీశాక ముద్దని మాత్రం విడదియ్యకు, ఆ వేళ్ళు అద్దంలా పుటుక్కుమంటాయి. ఎర్రమట్టీ కొబ్బరి పొట్టూ మాగిన పశువుల ఎరువూ కలిపిన చిన్న కుండీలో పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ సంచీ గుడారంలా కప్పి, నీడలో నెల్లాళ్ళు. కొత్త చిగురేసి అది నిలబడ్డాక ఎవరికైనా ఇవ్వు. అంటే కార్తీకమే. వనభోజనాలకి పిలిచి ఇచ్చుకో, ఇంకా బాగుంటుంది.

ముహూర్తం రోజుకి మరువం ఇవ్వు. నీ బాల్కనీలో వెడల్పు తొట్టెలో ఉందిగా. దానికి గాలి అంటు అవసరం లేదు, సాగిన కొమ్మని వంచి, పక్క కప్పులో మట్టికి తాకించి, హెయిర్‌పిన్నుతో అదిమిపెట్టు. మూడు వారాల్లో వేళ్ళు దిగుతాయి. పుదీనా అయితే ఇంకా ముందే. పదిహేను కాదు, ముప్పై కప్పులొస్తాయి. ఎండదు, ఎండినా ఎవరూ శకునం అనుకోరు.

నీది తొమ్మిదో అంతస్తు. గాలి అంటు మొక్కకి తల్లివేరు ఉండదమ్మా, ఉన్నవన్నీ పక్కవేళ్ళే. 1996 నవంబరు 6 రాత్రి తుపాను గాలి తిరిగింది. తెల్లారి లేచి చూస్తే, నేను పనిచేసే తోటలో నా చేత్తో కట్టిన జామ అంట్లు వరసకి వరస వేళ్ళతో సహా లేచి పడున్నాయి. గట్టుమీద గింజ చింతలు కొమ్మలు విరిగి నిలబడ్డాయి. మా పెరట్లో ఎర్రజామ నిలబడేదే, కొబ్బరిచెట్టు విరిగి దానిమీద పడింది. కోనసీమలో కొబ్బరితోటలు ఎలా పోయాయో నీకు తెలుసు, మీ నాన్న చెప్పే ఉంటాడు. ఆ రాత్రి నుంచి నాకు గాలంటే పడదు. కిటికీ కొట్టుకున్నా లేచి కూచుంటాను. కుండీ పెట్టిన రోజే వెదురుపుల్ల పాతి మెత్తటి గుడ్డపేలికతో కట్టు. ఇవ్వబోయే వాళ్ళకి కూడా ఆ పుల్లతోనే ఇవ్వు, తియ్యొద్దని చెప్పు.

అసలు రెయిలింగు బయటికి పోయిన కొమ్మకి అంటు కట్టకు. నువ్వు కత్తి పట్టుకుని బయటికి వంగుతావని తలుచుకుంటేనే నా కాళ్ళు వణుకుతున్నాయి. కుండీనే లోపలికి తిప్పుకో. కత్తి ఎప్పుడూ నీ నుంచి దూరంగా పోవాలి. నా ఎడమచేతి బొటనవేలి మీద గీత చిన్నప్పుడు అడిగేదానివి, పులి గీరింది అని చెప్పేదాన్ని. పులి కాదు, మొద్దు కత్తి. పదును కత్తి కంటే మొద్దుదే జారి చెయ్యి కోస్తుంది. మా చిన్నాడితో పదునుపెట్టించి నా పాత కత్తి పంపిస్తున్నాను. పిడికి గుడ్డ చుట్టి ఉంటుంది, విప్పకు, మీ తాత చుట్టింది.

అంటు కట్టగానే కేలెండరు మీద తారీఖు రాసుకో. వేళ్ళు కనబడ్డాక న్యూస్‌పేపరు విప్పి, వెలుతురులో దగ్గరగా ఫోటో తీసి పంపు. మనవడు ఫోన్ పెద్దది చేసి చూపిస్తాడు. నేను చూసి "కొయ్యి" అని చెప్పేదాకా, ముహూర్తమైనా సరే, మీ అత్తగారు అడిగినా సరే, ఆ కత్తి గుడ్డలోనే ఉండాలి.

పసుపు దంపించాను, గృహప్రవేశానికి తెస్తాను. అరిసెలు మీ అమ్మ చేస్తానంది, నేను తేను.

మీ పెద్దమ్మ